అత్యవసర విభాగాలలో డిజిటల్ రోగ చరిత్ర సేకరణ

రోగిని ప్రశ్నించి, అతని బాధ ఎప్పుడు మొదలైనది, ఎలా పెరిగినది, ఇదివరకు ఏయే జబ్బులు వచ్చినవి, ఏ మందులు వాడుతున్నాడు, ఇంటిలో ఇతరులకు ఇటువంటి బాధ ఉన్నదా మొదలైన విషయాలను తెలుసుకొనుటను వైద్య పరిభాషలో రోగ చరిత్ర సేకరణ అంటారు. ఈ ప్రశ్నలను వైద్యుడు నోటితో అడిగే బదులు కంప్యూటరు, ట్యాబ్ లేదా ఫోనులోని ఒక కార్యక్రమం ముందుగా నిర్ణయించిన క్రమంలో అడిగి, జవాబులను భద్రపరచి వైద్యునికి అందజేస్తే దానిని డిజిటల్ రోగ చరిత్ర సేకరణ అని పిలుస్తారు. ఆసుపత్రి అత్యవసర విభాగాలలో (వాడుకలో క్యాజువాలిటీ) ఇటువంటి సాధనాలను ప్రవేశపెట్టే ముందు అవి పనికివస్తాయో లేదో పరీక్షించే పద్ధతులు, ఆ పరీక్షల ఫలితాలు, తూర్పు కనుమలలోని అరకులోయ, పాడేరు మన్యం వంటి ప్రాంతాలలో తలెత్తే ప్రత్యేక సమస్యలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

రోగ చరిత్రకు ప్రాధాన్యం

రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానులు ఇన్ని ఉండగా మాటలతో పనేమిటని అనిపించవచ్చు. 1975లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో హాంప్టన్, అతని సహచరులు కొత్తగా వచ్చిన 80 మంది ఓపీ రోగులపై ఒక పరిశీలన చేశారు. పంపిన వైద్యుని ఉత్తరం చదివి, రోగి చెప్పినది విన్న తరువాత వైద్యులు చేసిన నిర్ధారణ 66 మంది విషయంలో చివరి నిర్ధారణతో సరిపోయినది. శరీర పరీక్ష వలన, ప్రయోగశాల పరీక్షల వలన మారినవి కొద్ది మాత్రమే. స్కాను యంత్రం వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట ఈ ఫలితానికి విలువ మరింత ఎక్కువ.

అయితే ఇది తీరికగా నడిచిన ఓపీ పరిశీలన. అత్యవసర విభాగంలో పరిస్థితి వేరు. క్యాజువాలిటీలో ఒక్కసారైనా నిలబడినవారికి తెలుసు: అదే ప్రశ్నను ఓపీ చీటీ రాసేవారు ఒకసారి, నర్సు ఒకసారి, హౌస్‌సర్జన్ ఒకసారి, డ్యూటీ డాక్టరు మరొకసారి అడుగుతారు. నాలుగు సార్లూ జవాబు ఒకటిగా ఉండదు. కేస్ షీటులోకి ఎక్కేది ఆ నాలుగింటిలో ఏదో ఒకటి. డిజిటల్ సాధనాల ఆలోచన ఈ ఇబ్బంది నుండే పుట్టినది.

తొలి ప్రయత్నాలు

1966లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్ బృందం లింక్ అనే చిన్న కంప్యూటరుతో రోగులను నేరుగా ప్రశ్నించే విధానాన్ని ప్రకటించినది. తొలి ప్రశ్నలు ఎలర్జీకి సంబంధించినవి. రోగి తెరపై ప్రశ్న చదివి మీట నొక్కేవాడు. జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారేది. నేటి ట్యాబ్‌లలోని ప్రశ్నావళులు చాలావరకు ఈ పద్ధతినే అనుసరిస్తున్నవి.

అత్యవసర వైద్యంలో చెప్పుకోదగిన మొదటి పెద్ద పరీక్ష ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జరిగినది. డి డోంబాల్ అనే శస్త్రవైద్యుని బృందం హఠాత్తుగా వచ్చే కడుపునొప్పిపై పనిచేసినది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుండి, కదిలితే పెరుగుతున్నదా, వాంతి అయినదా వంటి అంశాలను ఒక నిర్ణీత పత్రంలో నింపి కంప్యూటరుకు ఇస్తే, అది పూర్వ రోగుల లెక్కలతో పోల్చి ఏ జబ్బుకు ఎంత అవకాశమున్నదో చెప్పేది. 1972లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 304 మంది రోగులలో కంప్యూటరు నిర్ధారణ 91.8 శాతం సరిపోగా, బృందంలోని అత్యంత సీనియర్ వైద్యునిది 79.6 శాతం సరిపోయినది. 1986లో వెలువడిన మరో నివేదిక 8 ఆసుపత్రులలో 16,737 మంది రోగులకు సంబంధించినది. ఇందులో వైద్యుల తొలి నిర్ధారణ కచ్చితత్వం 45.6 శాతం నుండి 65.3 శాతానికి పెరిగినది; అనవసరంగా కడుపు కోసిన ఆపరేషన్లు దాదాపు సగానికి తగ్గినవి.

ఈ కథలో రెండు మెలికలున్నవి, వాటిని గమనించకపోతే అసలు సంగతి తప్పిపోతుంది. మొదటిది, లాభమంతా కంప్యూటరు లెక్కది కాదు. ఏ ప్రశ్నా వదలకుండా ఒక క్రమంలో అడిగించే పత్రం వలననే వైద్యుల పనితీరు గణనీయంగా మెరుగుపడినదని తరువాతి పరిశీలనలు తెలిపినవి. అనగా కాగితం, కలం కూడా కొంత మేలు చేయగలవు. రెండవది మరింత ముఖ్యమైనది. లీడ్స్ రోగుల లెక్కలతో తయారైన ఆ విధానాన్నే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని రోగులపై ప్రయోగించినప్పుడు (1976) లీడ్స్‌లో కనిపించిన కచ్చితత్వం రాలేదు. యంత్రం అదే, లెక్క అదే. మారినది రోగులు, వారి మాట, దానిని విని రాసుకొనే తీరు. రెండూ ఐరోపా నగరాలే అయినా ఇంత తేడా వచ్చినదంటే, ఒక మహానగరంలో పరీక్షించిన సాధనాన్ని కొండ మీది ఆసుపత్రికి తెచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఊహించవచ్చు.

అత్యవసర విభాగాలలో ఇటీవలి పరీక్షలు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని డాండెరిడ్ ఆసుపత్రిలో 2017లో మొదలైన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ప్రస్తావించబడుతున్నది. జర్మనీలో డేవిడ్ జాకిమ్ ప్రారంభించిన క్లియోస్ అనే కార్యక్రమాన్ని ఇక్కడ ఛాతీనొప్పితో అత్యవసర విభాగానికి వచ్చినవారిపై ఉపయోగించారు. రోగులు వేచి ఉండే సమయంలోనే ట్యాబ్‌పై ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఛాతీనొప్పిలో గుండెపోటు ప్రమాదాన్ని అంచనా వేయుటకు హార్ట్ స్కోరు అనే కొలత వాడుకలో ఉన్నది. 2008లో నెదర్లాండ్స్ వైద్యులు రూపొందించిన ఈ కొలతలో రోగ చరిత్ర, ఈసీజీ, వయసు, ముప్పు కారణాలు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) అనే ఐదింటికి ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు మార్కులు వేస్తారు. మొదటి అంశమే రోగ చరిత్ర. వైద్యులు రాసిన రికార్డులతో పోల్చినప్పుడు ఇటువంటి స్కోర్లకు కావలసిన వివరాలు కంప్యూటరు సేకరించిన చరిత్రలో ఎక్కువ సంపూర్ణంగా ఉన్నట్లు తేలినది.

కానీ ఎవరిని చేర్చుకున్నారన్నది చూడాలి. ఈ అధ్యయనంలోకి తీసుకున్నది పరిస్థితి నిలకడగా ఉండి, స్వీడిష్ భాష బాగా వచ్చి, ట్యాబ్‌పై ప్రశ్నలకు జవాబు ఇవ్వగలిగినవారిని. స్పృహ లేనివారు, భాష రానివారు లెక్కలో లేరు. ఇది ఆ అధ్యయనపు లోపమని చెప్పలేము, దాని హద్దు అది. ఫలితాన్ని ఆ హద్దు దాటించి చదవడమే పొరపాటు.

చికాగోలో కారిన్ రోడ్స్ బృందం 2001లో ప్రకటించిన పరీక్ష మరో తరహాది. అత్యవసర విభాగంలో వేచి ఉన్న రోగులు కంప్యూటరుపై తమ అలవాట్ల గురించి, ఇంటిలో జరిగే హింస గురించి ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఎదురుగా మనిషి లేనప్పుడు మొహమాటపు విషయాలు కొందరు సులువుగా చెబుతారని ఇతర పరిశోధనలూ తెలిపినవి. చదవలేనివారికి ప్రశ్నను చెవికి పెట్టుకొనే హెడ్‌ఫోనులో వినిపించే పద్ధతి కూడా ఉన్నది.

పరీక్షలో ఏమి కొలుస్తారు

సాధారణంగా సాధనం సేకరించిన చరిత్రను, అదే రోగి విషయంలో ఒక అనుభవజ్ఞుడైన వైద్యుడు తీరికగా సేకరించిన చరిత్రతో పోలుస్తారు. ఇద్దరి జవాబులు ఎంతవరకు కలిసినవో చూస్తారు. రోగులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి ఒక భాగానికి సాధనాన్ని, రెండవ భాగానికి పాత పద్ధతిని వర్తింపజేసి, నిర్ధారణ, వేచి ఉన్న సమయం, అనవసర పరీక్షలు, తిరిగి ఆసుపత్రికి రావడం వంటివి లెక్కించడం దీనికంటె బలమైన పద్ధతి.

అన్నిటికంటె ముందు చూడవలసినది భద్రత. సాధనం అడిగి రాసిన చరిత్రను నమ్మి, ప్రాణాపాయంలో ఉన్న రోగిని మామూలు వరుసలో కూర్చోబెట్టిన సందర్భాలు ఎన్ని? వంద మందిలో తొంభై అయిదు మందికి సరిగా పనిచేసినదన్న వాక్యం వినుటకు బాగుంటుంది. మిగిలిన అయిదుగురు ఎవరన్నది తెలియాలి. వారందరూ ఒకే భాషవారో, ఒకే వయసువారో అయితే ఆ సాధనం వారి పాలిట పనిచేయనట్లే. అందువలన మధ్యలో ఆపివేసినవారిని, అసలు మొదలుపెట్టలేనివారిని లెక్క నుండి తొలగించకుండా విడిగా చూపించాలి. దురదృష్టవశాత్తు చాలా నివేదికలలో ఈ అంకె ఒక మూలన చిన్న అక్షరాలలో ఉంటుంది.

తెలుగునాట అనుభవం

తెలుగు ప్రాంతంలో ప్రశ్నావళి ఆధారంగా సాగే అత్యవసర, ఆరోగ్య సేవలు చాలా ప్రాంతాల కంటె ముందే వచ్చినవి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ఫోను ఎత్తిన ఉద్యోగి కంప్యూటరు తెరను చూస్తూ నిర్ణీత ప్రశ్నలు వేసి వాహనాన్ని పంపుతాడు. 2007లో హెచ్.ఎం.ఆర్.ఐ. సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన 104 ఆరోగ్య సలహా సేవలో ఫోను చేసినవారి లక్షణాలను బట్టి కంప్యూటరులోని సోపానక్రమం ప్రకారం ప్రశ్నలు అడిగి, ప్రమాదకరమనుకున్నవాటిని 108కి మళ్ళించేవారు. దీనిని రోగికి యంత్రానికి మధ్య ఒక మనిషి కూర్చున్న డిజిటల్ చరిత్ర సేకరణ అనవచ్చు. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లో 108, 104 సేవలకు కలిపి వెయ్యికి పైగా కొత్త వాహనాలు ప్రవేశపెట్టబడినవి.

హెచ్.ఎం.ఆర్.ఐ. తరువాత పిరమల్ స్వాస్థ్యగా మారినది. ఆ సంస్థ 2011లో అరకులోయలో ఆసరా అనే గిరిజన ఆరోగ్య కార్యక్రమాన్ని ఆరంభించినది. ఏఎన్ఎమ్‌లు కొండ గూడేలకు వెళ్ళి గర్భిణులను పరీక్షించుట, వారిని టెలిమెడిసిన్ కేంద్రానికి తీసుకువచ్చి దూరాన ఉన్న నిపుణులతో మాట్లాడించుట ఇందులోని ముఖ్య భాగం. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల స్థాయిలో మొదలైనప్పుడు తొలుత అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్.

కఠినమైన పరీక్షకు ఉదాహరణ పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగినది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో గుండెజబ్బు ముప్పును అంచనా వేసి, అవసరమైనవారిని వైద్యుల వద్దకు పంపారు. ఇది అత్యవసర విభాగానికి సంబంధించినది కాకపోయినా దాని ఫలితం ఇక్కడ చెప్పదగినది. 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆశాలు పనిని చక్కగా చేశారు, కానీ రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. సమాచారం సేకరించుట ఒక పని, దాని వలన రోగికి మేలు కలుగుట మరొక పని.

మన్యంలో ప్రత్యేక పరిస్థితులు

అరకులోయ, పాడేరు, ముంచింగిపుట్టు, చింతపల్లి మొదలైన ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నవి. జిల్లా కేంద్రం పాడేరు. అక్కడ 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనది. అరకులోయ నుండి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. రోడ్డు లేని గూడేల నుండి రోగిని డోలీ కట్టి మోసుకువస్తారు. కనుక ఇక్కడి క్యాజువాలిటీలో తీసుకొనే రోగ చరిత్ర, రోగిని ఇక్కడే ఉంచాలా, కిందికి పంపాలా అన్న నిర్ణయానికి ఆధారం. ఆ నిర్ణయం తప్పితే మధ్యలో గంటల ప్రయాణం ఉన్నది.

మొదటి అడ్డంకి భాష. ఈ కొండలలో భగత, వాల్మీకి, కొండదొర, కోటియా, ఖోండు, పోర్జ, గదబ మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ (కూబి), పోర్జ, గదబ భాషలు వినిపిస్తవి. కొండ భాషకు భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వర్ణనాత్మక వ్యాకరణం ప్రచురించారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భాషిణి అనువాద వేదిక రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలను ఆధారం చేసుకున్నది. కువి, కొండ, గదబ ఆ షెడ్యూలులో లేవు. అందుచేత "తెలుగులో పనిచేస్తుంది" అన్న సాధనం ఇక్కడి రోగులలో కొందరికి రెండవ భాషలోనో మూడవ భాషలోనో పనిచేస్తున్నట్లు. ఇందుకు ఒక పునాది మాత్రం ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో పాఠ్యపుస్తకాలు తయారుచేశారు. శరీర భాగాలకు, బాధలకు పిల్లలు, పెద్దలు వాడే మాటలను ప్రశ్నలుగా రికార్డు చేయుటకు అటువంటి కృషి ఉపకరిస్తుంది.

రెండవది, జవాబు చెప్పేది ఎవరు అన్నది. డోలీ మోసుకువచ్చిన నలుగురిలో తెలుగు బాగా వచ్చినవాడు రోగి తరఫున మాట్లాడతాడు. అతడు రోగికి బావమరిది కావచ్చు, పక్క ఇంటివాడు కావచ్చు. జ్వరం ఎప్పుడు వచ్చినదో అతనికి తెలియకపోవచ్చు, తెలిసినా గర్భిణి విషయంలో కొన్ని సంగతులు ఆమె అతని ముందు చెప్పదు. నగరాలలో తయారైన సాధనాలు తెర ముందున్నది రోగియే అని అనుకుంటవి. ఇక్కడ మొదటి ప్రశ్నే "చెబుతున్నది ఎవరు" అని ఉండాలి, పరీక్షలో ఆ రెండు రకాల జవాబులనూ విడివిడిగా పోల్చాలి.

మూడవది కాలం. "ఎన్ని రోజుల నుండి" అన్న ప్రశ్నకు తెరపై 1, 2, 3 అని మీటలుంటవి. మన్యంలో రోజులను సంతతో లెక్కించేవారు ఎక్కువ. పోయిన సంతకు ముందా, తరువాతా అని అడిగితే స్పష్టమైన జవాబు వస్తుంది. వయసును, నెలలను ఇటుకల పండుగతోనో, వరి నాట్లతోనో, కాఫీ పండ్ల కోతతోనో పోల్చి చెబుతారు. నొప్పిని 0 నుండి 10 వరకు అంకెతో చెప్పమనడం కూడా ఇటువంటిదే. వరి బస్తా మోయగలవా, లేచి నడిచి వచ్చావా, మోసుకువచ్చారా అన్నవి దానికంటె మంచి ప్రశ్నలు.

అడగవలసిన ప్రశ్నలు

ఇక్కడి జబ్బులకు తగిన ప్రశ్నలు లేని సాధనం, ఉన్న ప్రశ్నలను ఎంత చక్కగా అడిగినా ప్రయోజనం తక్కువ. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు ఉండకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి కొంతసేపటికి కనురెప్పలు వాలుతవి, మాట ముద్దగా వస్తుంది, ఆపై ఊపిరి ఆగిపోయే ప్రమాదమున్నది. లీడ్స్ పత్రంలోని ప్రశ్నలన్నీ అడిగినా ఈ జబ్బు బయటపడదు. "రాత్రి ఎక్కడ పడుకున్నారు, నేల మీదనా" అన్న ఒక్క ప్రశ్న కావాలి.

ఆంత్రాక్స్ విశాఖ మన్యంలో పలుమార్లు కనిపించినది. 2016లోనూ కేసులు నమోదైనవి. చనిపోయిన పశువును కోసినవారికి, ఆ మాంసాన్ని ముట్టినవారికి చర్మంపై నొప్పి లేని పుండు ఏర్పడి మధ్యలో నల్లని చెక్కు కడుతుంది. పుండును చూసి అనుమానించవచ్చు గాని, అనుమానాన్ని బలపరచేది చరిత్రయే. ఇబ్బంది ఏమిటంటే అధికారులు వద్దన్న పని చేశామని ఒప్పుకొనుటకు జనం జంకుతారు. "చచ్చిన పశువును తిన్నారా" అని నలుగురిలో అడిగితే లేదనే అంటారు. "ఈమధ్య ఊరిలో పశువులేమైనా చనిపోయినవా? మాంసం పంచుకున్నారా?" అని అడిగితే జవాబు మారవచ్చు. మొహమాటపు ప్రశ్నలకు యంత్రమే మేలని చికాగో వంటి చోట్ల తేలిన విషయం ఇక్కడా నిజమేనా, లేక రాసిపెట్టుకొనే యంత్రమంటే మరింత భయపడతారా అన్నది ఇక్కడే పరీక్షించి తేల్చవలసిన విషయం.

కొడవలి కణ రక్తహీనత (సికిల్ సెల్) గిరిజన ప్రాంతాలలో ఎక్కువ. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఒళ్ళునొప్పులు, ఛాతీనొప్పి, కడుపునొప్పి అని వచ్చే యువకునిలో ఈ జబ్బు దాగి ఉండవచ్చు. చిన్నప్పటి నుండి ఇటువంటి నొప్పులు వచ్చినవా, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, తోబుట్టువులలో ఎవరైనా చిన్నతనంలో చనిపోయారా అన్న ప్రశ్నలు ఛాతీనొప్పి ప్రశ్నావళిలో చేర్చాలి. హార్ట్ స్కోరు ఈ సంగతిని పట్టుకొనుటకు తయారైనది కాదు.

మలేరియా విషయంలో ప్రశ్నలకంటె వేలి రక్తపు చుక్కతో చేసే పరీక్ష ముఖ్యం. కానీ అప్పటికే సగం మోతాదు మాత్రలు మింగారా, నాటుమందు తీసుకున్నారా, మాట తడబడుతున్నదా, ఫిట్స్ వచ్చినవా అన్నవి అడగక తప్పదు. నాటుమందు గురించిన ప్రశ్న గదమాయించినట్లుండరాదు. ప్రశ్నను ఏ గొంతుతో రికార్డు చేశారన్నదానిపై కూడా జవాబు ఆధారపడుతుంది.

గోప్యత, సమ్మతి

భారత వైద్య పరిశోధన మండలి 2023లో ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ వినియోగంపై నైతిక మార్గదర్శకాలు వెలువరించినది. అదే ఏడాది డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆమోదించబడినది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి వేలిముద్ర వేస్తే దానిని సమ్మతి అనుకొనుట కష్టం. అందుచేత అత్యవసర విభాగపు పరీక్షలలో ముందు చికిత్స చేసి, నిలకడ చెందిన తరువాత వివరించి, వద్దంటే సమాచారాన్ని తొలగించే పద్ధతిని పాటించడం మంచిది. చిన్న గూడెంలో పేరు తీసివేసినంత మాత్రాన మనిషి మరుగుపడడు. ఊరి పేరు, వయసు, జబ్బు మూడూ కలిస్తే అతడెవరో అందరికీ తెలిసిపోతుంది.

సాంకేతిక అవసరాలు

వర్షాకాలంలో కరెంటు, ఫోను సంకేతాలు గంటల తరబడి లేకపోవడం కొండ ప్రాంతాలలో మామూలే. కనుక సాధనం నెట్ లేకుండా పనిచేసి, సంకేతం అందినప్పుడు సమాచారాన్ని పంపగలగాలి. కిందికి పంపే రోగి వెంట ఒక పేజీ కాగితంపై అచ్చు తీసిన చరిత్రను ఇవ్వగలిగితే, అంబులెన్సు సిబ్బందికి, విశాఖలోని డ్యూటీ డాక్టరుకు అదే ప్రశ్నలను మళ్ళీ మొదటి నుండి అడగవలసిన పని తగ్గుతుంది. ఆ కాగితంపై, జవాబులు చెప్పినది రోగియా, వెంట వచ్చినవారా, ఏ భాషలో చెప్పారు అన్న రెండు వివరాలు పై వరుసలోనే ఉండాలి.